కాఫీరంగు పూత

"మళ్ళీ తేలింది" అంది బెరిట్.

బల్లచెక్క మీద వేలితో గీసి చూపించింది. వేలికి తెల్లటి పొడి అంటుకుంది. నిన్నంతా వెనిగర్ కలిపిన నీళ్ళతో రుద్దింది. ఈ పొద్దున లేస్తూనే, కాఫీ అయినా తాగకుండా, గడ్డికొట్టంలోకి వచ్చి మళ్ళీ రుద్దింది. తడిగా ఉన్నంతసేపూ చెక్క బుద్ధిగానే ఉంటుంది. ఆరిందా, రంగు ఊడగొట్టడానికి వాడిన కాస్టిక్ సోడా లోపల్నించి తెల్లగా పైకి వచ్చేస్తుంది. బెరిట్‌కి ఏడుపొక్కటే తక్కువ.

తారాల్డ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో జిగురు డబ్బా, ఇంకో చేతిలో చెక్కల్ని బిగించే ఇనుప క్లాంపులు.

"వంటింట్లోకి పట్టుకుపోదాం" అన్నాడు. "పొయ్యి పక్కన ఆరుతుంది."

"పొయ్యి పక్కన పెడితే వంకర తిరుగుతుంది."

"ఇక్కడుంటే జిగురు పట్టదు. చలి."

"మరేం చేద్దామంటావు?"

తారాల్డ్ డబ్బా మీద అక్షరాలు చదువుతూ నిలబడ్డాడు. ఈ ఇంటి మగవాళ్ళకి మాటలు కూడా యుద్ధకాలంలో పంచదారలా రేషన్ మీద ఇచ్చారేమోనని పెళ్ళైన కొత్తలో బెరిట్ నవ్వేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

బల్ల అనడానికి అక్కడ బల్లంటూ ఏమీ లేదు. పై చెక్కలు విడివిడిగా పీటల మీద పరిచి ఉన్నాయి. కాళ్ళు తాడుతో కట్టి గోడకి చేరవేసి ఉన్నాయి. రంగు తీసిన సోడాతొట్టి యజమాని వాటిని వంటచెరుకు మోపులా వాకిట్లో దించేశాడు. "పాతకాలం జిగురమ్మా, తొట్టిలో నానితే వదిలేస్తుంది. మళ్ళీ అతికించుకుంటే సరి" అని చెప్పి, టోపీ సర్దుకుని, వ్యాన్ ఎక్కి చక్కాపోయాడు. అతనికేం, సరే. అతికించాల్సింది వీళ్ళు.

లోయలో ఎవరింట్లో చూసినా ఇప్పుడు ఇదే పిచ్చి. తాతలనాటి బీరువాలూ, తలుపులూ, పెట్టెలూ ఊళ్ళోకి మోసుకెళ్ళడం, ఏటి ఒడ్డున ఆ సోడాతొట్టిలో ముంచి రంగంతా ఊడగొట్టించడం, లేతపసుపు పైన్ చెక్కని బయటికి తీయించి పత్రికల్లో బొమ్మల్లా వంటిళ్ళు సర్దుకోవడం. పక్క పొలంలో తూరిడ్ వంటింట్లో అడుగుపెడితే వెన్నగిన్నెలో అడుగుపెట్టినట్టుంటుంది. బెరిట్ కూడా అలాంటి బల్ల ఒక్కటంటే ఒక్కటి కావాలనుకుంది. అనుకోవడం తప్పా?

ఇప్పుడు ఇది లేతపసుపు కాదు. పాత మేకతోలులా మాసిన బూడిదరంగు. చెయ్యి పెడితే నూగు లేచి గరగరలాడుతోంది. మూల ఒక చోట అవిసె నూనె రాసి చూస్తే, లోపలున్న సోడాతో కలిసి సబ్బునురగై జారిపోయింది. అది తుడవడానికి ఇంకో పూట పట్టింది.

మధ్యాహ్నానికి అత్తగారు వచ్చేస్తుంది.

గున్‌హిల్డ్‌కి శుక్లాల ఆపరేషన్ అయింది. ఒక కన్ను కోసి, అది మానాక రెండోది కోసి, ఆస్పత్రిలో చాన్నాళ్ళే ఉంచేశారు. నిన్న సాయంత్రం అక్కడి నర్సు చేత ఫోన్ కలిపించుకుని మాట్లాడింది. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది గొంతు.

"అమ్మాయ్, రేపు నాతో ఒకాయన వస్తున్నాడు. కాఫీ మంచిది పెట్టు. బల్ల మీద ఆ మైనపుగుడ్డ తీసెయ్యి. ఏమీ పరవొద్దు. వినబడిందా? ఏమీ పరవొద్దు."

"ఎవరత్తయ్యా ఆయన?"

"వచ్చాక చూద్దువుగాని. ఈసారి నేనూ చూస్తాగా!" అని నవ్వి పెట్టేసింది.

ఆ మాట చెబితే తారాల్డ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకో బెరిట్‌కి అర్థం కాలేదు. బల్ల పాడైపోయింది, అమ్మ తిడుతుంది, అంతేగా? తిట్టించుకోవడం ఈ ఇంట్లో బెరిట్‌కి కొత్త కాదు, అతనికసలు కానే కాదు.

"అయినా నువ్వే కదా" అన్నాడు తారాల్డ్ ఉన్నట్టుండి. క్లాంపులు నేల మీద పెట్టాడు.

"నేనే కదా, ఏంటి?"

"బల్ల రంగు తీయించాలని గోలపెట్టింది."

బెరిట్ చేతిలో గుడ్డ బకెట్లోకి విసిరికొట్టింది. వెనిగర్ నీళ్ళు అతని బూట్ల మీద పడ్డాయి.

"అవును, నేనే. పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతున్నా. కర్టెన్లు ఆవిడవి, గిన్నెలు ఆవిడవి, గోడమీద గడియారం ఆవిడది. తను అవతల చిన్నింట్లోకి మారినా పొద్దున్నే వచ్చి కూర్చునేది ఈ బల్ల దగ్గరే. నా వంటిల్లు అనుకోడానికి నాకు ఒక్క చెంచా లేదిక్కడ. ఒక్క బల్ల, ఆ మేకజున్నులాంటి కాఫీరంగు పోయి కాస్త వెలుతురుగా ఉంటే బాగుండునన్నాను. అన్నప్పుడల్లా ఏం చేశావు? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. ఇన్నేళ్ళూ కాదన్నవాడివి, మొన్న ఆవిడ ఆస్పత్రికి వెళ్ళిన వారానికే 'సరే, పంపిద్దాం' అని నువ్వే అన్నావా లేదా? నువ్వే ట్రాక్టర్ మీదకి ఎక్కించావా లేదా?"

"ఎక్కించాను."

"మరి నా మీద పెడతావేం?"

మళ్ళీ రేషన్ అయిపోయింది.

"మాట్లాడు తారాల్డ్! ఆవిడకి నేనేం చెప్పను? ఏ ఏట్లో దూకమంటావు నన్ను?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఈ ఇంట్లో ఏటి మాట ఎత్తరు. తారాల్డ్‌కి ఒక అక్క ఉండేది, మంచు పలచబడ్డ రోజుల్లో ఏరు దాటబోయి మునిగిపోయింది. ఆ సంగతి కూడా బెరిట్‌కి ఇంట్లోవాళ్ళు చెప్పలేదు, తూరిడ్ చెప్పింది. అత్తగారి చిన్నింట్లో గోడకి రెండు జడలమ్మాయి ఫొటో ఉంది. ఎవరత్తయ్యా అంటే, "మా అమ్మాయి" అని ఆవిడ అటు తిరిగింది. అంతే, అక్కడితో సరి.

"తీసుకుపోదాం పద" అన్నాడు తారాల్డ్. పెద్ద చెక్క ఒక కొస ఎత్తి పట్టుకున్నాడు. బెరిట్ రెండో కొస పట్టుకుంది. ఇంకేం చెయ్యాలో ఆమెకీ పాలుపోలేదు.

బయట మంచు కరిగి వాకిలంతా బురద. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. దూరంగా ఏటి మీద మంచు పగిలి పెళపెళమంటోంది.

వంటింట్లో, పొయ్యి పక్కన, బల్లని నిలబెట్టే పని మొదలైంది. ఒక చెక్క పక్కన ఇంకో చెక్క పెడితే మధ్యలో వేలు దూరే సందు. ఆ సందు మూస్తే ఈ కొసన లేస్తుంది. ఈ కొస అణిస్తే ఆ కొసన లేస్తుంది. జిగురు పూసి క్లాంపులు బిగించాడు తారాల్డ్. కాసేపు పట్టినట్టే పట్టి, వేడికి చెక్క కిర్రుమని ఒళ్ళు విరుచుకుంది. జిగురు దారాలు దారాలుగా సాగింది.

"లోపల సోడా ఉన్నంతకాలం ఏ జిగురూ నిలవదు" అన్నాడు.

"ఆ తొట్టివాడికి ఈ సంగతి తెలీదా?"

"తెలిసే ఉంటుంది."

"చెప్పొద్దూ మరి!"

"నేను అడగలేదు."

బెరిట్ చిన్న కత్తి తీసుకుని, చెక్కల చివర అడ్డంగా బిగించే పట్టీ ముందర వేసుకుని కూర్చుంది. ఆ పట్టీ గాడిలో పాత జిగురు గట్టిపడిపోయి ఉంది. అది గీకితేగానీ చెక్కలు లోపలికి దిగవు. గీకుతూ గీకుతూ ఆగింది.

కత్తిమొన మీద గోరంత పెచ్చు నిలిచింది. సోడా చేరని సందులో ఎలా మిగిలిందో మిగిలింది. పైన కాఫీరంగు. ఒక అంచున అది ఊడి, కింద నీలం. మబ్బులేని రోజు సాయంత్రంలాంటి నీలం, దాని మీద సన్నటి ఎర్రగీత.

"ఇదేంటి? తారాల్డ్, ఈ బల్లకి నీలం ఎక్కడిది?"

అతను చెయ్యి చాపాడు. పెచ్చుని అరచేతిలో వేయించుకుని, కట్టెలపెట్టె మీద కూలబడ్డాడు.

"సిగ్నెది" అన్నాడు.

అక్క పేరు అతని నోట బెరిట్ వినడం అదే మొదటిసారి. మగవాడి నోట్లో ఒక పేరు అన్నేళ్ళు ఎలా దాగుంటుందో ఆమెకి అంతుపట్టలేదు. కత్తి కింద పెట్టింది.

"పోయే ముందు చలికాలం వేసింది" అన్నాడు తారాల్డ్. "పై లోయలో ఒక ముసలాయన దగ్గర నేర్చుకుంది, ఈ తీగలూ పూలూ వెయ్యడం. బల్లంతా నీలం పూసి, దానిమీద వేసింది. మధ్యలో ఎర్రపువ్వు, ఇంత. అంబలిగిన్నె ఎక్కడ పెట్టాలో మాకు తెలిసేది కాదు. పువ్వు మీద పెడితే అరిచేది. నాన్నని కూడా అరిచేది."

"తర్వాత?"

"తర్వాత... ఏరు." పెచ్చుని ఇంకో అరచేతిలోకి మార్చుకున్నాడు. "భూస్థాపన అయిన మర్నాడో ఆ మర్నాడో, నాన్నా నేనూ గొడ్లకి మేత వేసి వచ్చేసరికి బల్ల కాఫీరంగు. అమ్మ చేతిలో బ్రష్. రంగు ఆరలేదని ఆ పూట అందరం నిలబడి తిన్నాం. ఎవరూ ఏమీ అనలేదు."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఏమంటాం?"

బెరిట్ రోజూ రొట్టె కోసింది, పిండి పిసికింది, మైనపుగుడ్డ ఎత్తినప్పుడల్లా ఛీ ఇదేం రంగు అని విసుక్కుంది ఆ పిల్ల పూల మీదే. ఇన్నేళ్ళూ అత్తగారు పొద్దున్నే వచ్చి ఆ బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చునేది. చేతులు వెచ్చబెట్టుకుంటోంది కాబోలు అనుకుంది తను.

"ఇంత తెలిసీ సోడాలో ఎందుకు ముంచావయ్యా!"

"పై రంగు పోతుందనుకున్నాను."

"ఆఁ?"

"పై రంగు తర్వాత వేసింది కదా. అదొక్కటే ఊడుతుంది, కిందది ఉంటుంది అనుకున్నాను." అరచేతిలో పెచ్చుని చూపుడువేలితో కదిపాడు. "అమ్మకి కళ్ళొస్తున్నాయి. ఆవిడ వచ్చేసరికి బల్ల మీద సిగ్నె పూలు ఉంటే... నేనేం చెప్పక్కర్లేదు. చూసుకుంటుంది."

"ఆ తొట్టివాణ్ణి అడగలేదూ? కింద ఇంకో రంగు ఉందయ్యా, అది నిలుస్తుందా అని, ఒక్క ముక్క?"

"అడిగితే, ఎవరు వేశారంటాడు."

"అయితే?"

"సిగ్నె గురించి చెప్పాలి."

ఇంత పెద్ద మగాడు, ఎద్దుని కొమ్ములు పట్టి నిలబెట్టేవాడు, ఒక్క పేరు చెప్పలేక తన అక్క చేతిపనిని తనే తీసుకెళ్ళి తొట్టిలో దింపాడు. కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు బెరిట్‌కి. జాలిపడదామంటే, ఇంకేదో గుండెకి అడ్డం పడుతోంది. అదేమిటో కాసేపటికి గానీ తెలియలేదు.

"అయితే ఆ రోజు నువ్వు సరే అన్నది నాకోసం కాదన్నమాట" అంది.

తారాల్డ్ తలెత్తాడు.

"నేను ఆదివారాల్లో వేసే తీపి అట్లు, వాఫిల్స్, చేశాను ఆ రోజు" అంది బెరిట్. "నువ్వు సరే అన్నావని. ఈ ఇంట్లో నా మాట ఒక్కటి చెల్లిందని. గుర్తుందా? వారం మధ్యలో వాఫిల్స్ ఏంటన్నావు. నవ్వి ఊరుకున్నాను. పిచ్చిదాన్ని."

"బెరిట్..."

"వద్దులే. తిన్నావుగా."

అతను ఏదో అనబోయాడు. చివరికి ఆమె అన్నదానికి సంబంధం లేకుండా, "ఆ మూల ఒక ఆకు నేను వేశాను. వెయ్యనిచ్చింది. వంకరగా వచ్చింది, చెరిపేస్తానంటే వద్దంది" అన్నాడు. అని, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. వీపు కదులుతోంది. బెరిట్ లేచి వెళ్ళి ఆ వీపు మీద చెయ్యి వేసింది. ఇంకేం చేస్తుంది? మొగుడు ఏడుస్తుంటే తన ఏడుపు తర్వాత ఏడవచ్చు.

"ఆవిడ రాగానే చెప్పేద్దాం" అంది. "కోటు విప్పకముందే. నువ్వే చెప్పాలి."

"చెప్తాను."

"నేను చెప్పను. ఇది నేను చెప్పాల్సింది కాదు."

"చెప్తానన్నానుగా."

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. మధ్యాహ్నమన్న మనిషి మధ్యాహ్నానికి ముందే వచ్చేసింది. బల్లకి ఇంకా క్లాంపులు బిగించే ఉన్నాయి, తీస్తే కూలుతుంది. బెరిట్ బీరువా తెరిచి, క్రిస్మస్‌కి తప్ప బయటికి తియ్యని పొడుగాటి తెల్లగుడ్డ లాగి బల్ల మీద పరిచేసింది. అంచులు నేలదాకా దించింది. పైన ఒక్క కప్పు కూడా పెట్టే ధైర్యం చెయ్యలేదు.

గున్‌హిల్డ్ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. మొహం మీద సోడాబుడ్డి అద్దాలు, వాటి వెనక ఇంతింత కళ్ళు. గుమ్మంలోనే ఆగి వంటిల్లంతా కలయజూసింది.

"ఓరి దేవుడా, పొయ్యి వెనక గోడ ఇంత నల్లగా ఉందేం! ఇన్నాళ్ళూ శుభ్రంగా ఉందనుకుని పొగిడానే!"

"అమ్మా" అన్నాడు తారాల్డ్.

"ఉండరా, చూడనీ. నీకు జుట్టు ఊడుతోంది. మీ నాన్నకీ అక్కడే మొదలైంది." బెరిట్ వైపు తిరిగింది. దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని, మొహం కిటికీవైపు తిప్పింది. ఈ కోడలు గడప తొక్కేనాటికే ఆవిడవి మసక కళ్ళు. "నీ ముక్కు మీద చుక్కలున్నాయా అమ్మాయ్! ఎన్నో! చెప్పరేం ఎవరూ?"

"చిన్నప్పట్నుంచీ ఉన్నాయత్తయ్యా."

"గొంతు ఒక్కటే తెలుసు నాకు. ఆ గొంతుకి ఎంత పెద్ద మొహం ఉంటుందో అనుకున్నా. పిల్లవి నువ్వు. ఇంత ముచ్చటగా ఉంటావని ఒక్కడూ చెప్పడే! వీడు చెప్పడనుకో, వీడికి మాటకి మాట పేర్చాలంటే కట్టెలు పేర్చినంత కష్టం." బుగ్గ మీద తట్టింది. "కొన్నిసార్లు నిన్ను ఊరికే కసిరాను. కనపడక ఒక విసుగులే. మనసులో పెట్టుకోకు."

ఈ మాట కోసం బెరిట్ ఎన్నాళ్ళు కాచుకుందో. ఈ రోజే రావాలా అది? తారాల్డ్ వైపు చూసింది, చెప్పమన్నట్టు. తారాల్డ్ తన బూట్లవైపు చూసుకుంటున్నాడు.

గున్‌హిల్డ్ వెనకాలే ఒక సన్నటి మనిషి, చంకలో చిన్న తోలుపెట్టెతో, బురద బూట్లు గుమ్మం దగ్గర విప్పి లోపలికొచ్చాడు.

"ఈయన లుండే గారు. మ్యూజియంలో పనిచేస్తారు" అంది గున్‌హిల్డ్, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటూ. "ఆస్పత్రిలో నా పక్కమంచం ఆవిడకి తమ్ముడు. చూడ్డానికి వచ్చినప్పుడు మాటల్లో తెలిసింది, పాత సామాన్ల మీద పైన వేసిన రంగు గీకి, కిందిది బయటికి తీస్తారట. కింద పూత చెక్కుచెదరకుండా. అవునా అండీ?"

"చిన్న కత్తితోనండి, భూతద్దం పెట్టుకుని" అన్నాడు లుండే. "గోరు వెడల్పు, గోరు వెడల్పు. నెలలు పడుతుంది. పైన నీళ్ళూ సబ్బూ పోసి రుద్దకపోతే చాలు, కిందది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"మైనపుగుడ్డ కింద పదిలంగా ఉంచాను" అంది గున్‌హిల్డ్. కర్రని రెండు చేతులతో పట్టుకుంది. ఆ తర్వాత మాట్లాడింది ఈ ఇంట్లో ఎవరూ ఎరగని గొంతు.

"అమ్మాయ్, నీకు తెలీదు. ఈ బల్ల మీద మా సిగ్నె పూలు వేసింది. నా చేత్తో నేనే పూసేశాను వాటిమీద. చూస్తూ ముద్ద మింగలేకపోయాను. పారేయలేకపోయాను. కళ్ళు మసకబడ్డాక అనిపించింది, దేవుడు సరైన పనే చేశాడని. ఆపరేషన్ వద్దనే అన్నాను. ఒప్పుకున్నది ఎందుకో తెలుసా? ఒక్కసారి, పోయేలోపు, దాని పువ్వు చూద్దామని."

తారాల్డ్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఆ పెచ్చు అక్కడే పెట్టుకున్నాడు. బెరిట్ చూసింది. చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోలోపలే అరిచింది.

లుండే బల్ల దగ్గరికి వెళ్ళి ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. గదినిండా వెనిగర్ వాసన. గుడ్డ కింద ఒక చోట ఇనుప క్లాంపు పొడుచుకుని ఉంది. అతను దానివైపు చూశాడు, బెరిట్ చేతులవైపు చూశాడు. సోడాకి వేళ్ళు ఎర్రగా పగిలి ఉన్నాయి. పెట్టె కింద పెట్టబోయినవాడు మళ్ళీ చంకలోనే పెట్టుకున్నాడు.

"ఏమీ పరవొద్దంటే పండగ గుడ్డ పరిచారేం?" అంది గున్‌హిల్డ్. "తియ్యరా."

తారాల్డ్ కదల్లేదు.

"నిన్నే!"

"అమ్మా, ముందు కాఫీ తాగు."

"కాఫీ ఎక్కడికీ పోదు." ఆవిడ కూర్చున్నచోటునుంచే కర్ర చాపి, వంపు తిరిగిన పిడిని గుడ్డ అంచుకి తగిలించి లాగింది. తెల్లగుడ్డ జారి నేల మీద కుప్పపడింది.

బూడిదరంగు చెక్కలు. వాటి మధ్య సందులు. ఆరిన చోటల్లా తెల్లపొడి మళ్ళీ తేలి ఉంది.

గున్‌హిల్డ్ కళ్ళజోడు తీసింది. స్వెటర్ అంచుతో ఒక అద్దం తుడిచింది, రెండోది తుడిచింది. పెట్టుకుంది. ముందుకి వంగి చూసింది.

"బూడిదరంగులా కనిపిస్తోందే" అంది. "డాక్టరు అంతా బాగుందన్నాడే."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"తారాల్డ్, కాఫీరంగే కదూ? నాకే కనపడ్డం లేదా?"

తారాల్డ్ నోరు తెరిచాడు. ఒక క్షణం, ఒక్క క్షణం, చెప్పేస్తాడనే అనుకుంది బెరిట్.

"కాఫీరంగేనమ్మా" అన్నాడు. "కొత్త కళ్ళు కదా. కుదురుకోడానికి టైం పడుతుంది."

"అంతేనంటావా?"

"అంతే."

లుండే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గున్‌హిల్డ్ కుర్చీలో వెనక్కి వాలింది. వచ్చినప్పటి హుషారంతా దిగిపోయింది. కళ్ళజోడు మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఇక దానితో పనేముందన్నట్టు.

"పోనీలే" అంది. "ఈ వయసులో ఎంతొస్తే అంతే."

కాసేపటికి ఏదో తోచినట్టు తలెత్తింది. కళ్ళజోడు పెట్టుకుని, బెరిట్ మొహంలోకి చూసింది. ఆ ఇంతింత కళ్ళు కదలకుండా చూశాయి.

"ఇలా రా అమ్మాయ్. బల్ల నాకు బూడిదరంగులో కనిపిస్తోంది. నీ ముక్కు మీద చుక్కలు మాత్రం చక్కగా కాఫీరంగులో కనిపిస్తున్నాయి. ఒక కంటికి ఒకటి నిజం, ఒకటి అబద్ధం ఎలా అవుతుంది?" చేతికర్ర పక్కన పెట్టి, బెరిట్ చెయ్యి పట్టుకుంది. పగిలిన వేళ్ళని తడిమింది. "నువ్వు చెప్పు. నీ ముక్కు మీద ఆ చుక్కలు ఉన్నాయా, లేవా?"